ఆరో తరగతి ఏ ఊళ్లో? ఇంట్లో చదివిన పిల్లలు, ఇంటర్ తర్వాతి దారులు

అనంతపురం సప్తగిరి సర్కిల్ దగ్గర ఒక నెట్ సెంటర్. ఇంజినీరింగ్, అగ్రికల్చర్ సీట్ల ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్‌కు దరఖాస్తుల రోజులు. కీబోర్డు ముందున్న కుర్రాడు తలెత్తకుండా గళ్లు నింపుకుంటూ పోతున్నాడు. పేరు, తండ్రి పేరు, ఆధార్ నంబరు, కులం, ఆదాయం. ఆ తర్వాతి గడి దగ్గర ఆగి అడిగాడు.

"ఆరో తరగతి ఏ ఊళ్లో చదివినావు తమ్ముడూ?"

"ఇంట్లోనే అన్నా," అన్నాడు మా అక్క కొడుకు.

"ఇల్లు కాదు, బడి యాడ అని."

"బడికి పోలేదన్నా. ఓపెన్‌లో కట్టినా, పదీ ఇంటరూ."

కుర్రాడు అప్పుడు తలెత్తాడు. వాడిని వదిలేసి నన్ను చూశాడు, తప్పంతా నాదే అన్నట్టు. వెనక వరసలో నిలబడిన పెద్దాయన ఒకరు "ఏమబ్బా, పిల్లోనికి ఆరోగ్యం బాగలేదా?" అని జాలిగా అడిగారు.

వాడి ఆరోగ్యం నిక్షేపంగా ఉంది. నార్పల దగ్గర మా బావ చీనీ (బత్తాయి) తోటలో పెరిగాడు. ఐదో తరగతి అయ్యాక పట్నంలో ఒక హాస్టల్లో వేస్తే మూడు నెలలకు సగమయ్యాడు. మా అక్క బీఈడీ చదివింది. వాడిని ఇంటికి తెచ్చుకుని, తనే చదివించింది. పన్నెండేళ్లకే వాడు రంగపూర్ నిమ్మ మొక్క మీద చీనీ కన్ను అంటు కట్టేవాడు. లెక్కలు, సైన్సు, ఇంగ్లిష్ అన్నీ వచ్చు. రానిదల్లా ఆ గడిలో ఏం రాయాలో.

ఆ గడి దగ్గర ఇరవై నిమిషాలు పోయాయి. ఇంట్లో చదివించే తల్లిదండ్రులు నాతో మాట్లాడినప్పుడల్లా పిల్లలు చదువులో వెనకబడతారేమో అని టెన్షన్ పడతారు. నేను దగ్గరగా చూసిన ఇళ్లలో పిల్లల్ని ఇబ్బంది పెట్టింది చదువు కాదు. బడిలో ఒక మూల కూర్చుని, ఎవరికీ కనపడకుండా గుమాస్తా చేసే పని ఇంట్లో ఎవరూ చేయకపోవడమే.

ఆ గుమాస్తా చేసేదేమిటో ఒకసారి చూడండి. అడ్మిషన్ రిజిస్టర్లో పుట్టిన తేదీ ఎక్కిస్తాడు. పదో తరగతి నామినల్ రోల్స్, అంటే పరీక్ష రాసేవాళ్ల జాబితా, పంపేముందు పేరు స్పెల్లింగ్ సరిచూసి సంతకం పెట్టిస్తాడు. ఏటా హాజరు పట్టీలో పేరు రాస్తాడు, రేపు స్టడీ సర్టిఫికెట్ పుట్టేది దాంట్లోంచే. పరీక్ష ఫీజు ఆఖరి తేదీ బోర్డు మీద రాయిస్తాడు. ప్రాక్టికల్స్ రికార్డు మీద ముద్ర వేయిస్తాడు. పిల్లలు ఇంటర్ దాటాక ఏ కాలేజీ మెట్టు ఎక్కినా ముందు అడిగేది వీటినే. పాఠం చెప్పడానికి అమ్మ ఉంది, నాన్న ఉన్నాడు, యూట్యూబ్ ఉంది. గుమాస్తా మాత్రం లేడు. అందుకే ఈ వ్యాసంలో చదువు తక్కువ, గుమాస్తా పని ఎక్కువ.

చట్టం ఏమంటుంది

ఎక్కువేమీ అనదు. 2009 విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు ఉచిత నిర్బంధ విద్య అంటుంది. పిల్లల్ని దగ్గర్లోని బడిలో చేర్చడం తల్లిదండ్రుల బాధ్యత అని 10వ సెక్షన్ చెబుతుంది, చేర్చకపోతే వాళ్లకు శిక్ష ఏమిటో మాత్రం రాయలేదు. ఇంటి చదువు అనే మాట ఆ చట్టంలో లేదు, ఒప్పనీ అనలేదు తప్పనీ అనలేదు.

కానీ అదే చట్టంలో మనకు పనికొచ్చే మాట ఒకటుంది. ఎనిమిదో తరగతి వరకు పిల్లలు ఎప్పుడు వచ్చినా వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకోవాలి, టీసీ ఆలస్యమైందనో వయసు ధ్రువపత్రం లేదనో తిప్పి పంపకూడదు. అంటే పద్నాలుగేళ్ల లోపు బడిలోకి తిరిగి నడిచి వెళ్లే దారి తెరిచే ఉంటుంది. తొమ్మిదో తరగతి నుంచి ఆ హామీ ఉండదు, బడి ఇష్టం. అందువల్ల ఇంట్లో చదివే పిల్లలకు అసలైన మలుపు పదిహేడో ఏట రాదు. పదమూడో ఏటనే వచ్చి వెళ్లిపోతుంది, చాలా ఇళ్లలో ఆ సంగతి గమనించరు.

ఎందుకంటే కొన్ని తలుపులు పదో తరగతి బడిలో చదివిన వాళ్లకే తెరుచుకుంటాయి. మన సీమలో అందరికీ తెలిసిన ఉదాహరణ ఇడుపులపాయ. రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం, మనం ట్రిపుల్ ఐటీ అనే దాంట్లో, పదో తరగతి మార్కుల మీద ఆరేళ్ల కోర్సులోకి తీసుకుంటారు. రెగ్యులర్ అభ్యర్థిగా, మొదటి ప్రయత్నంలో పది పాసై ఉండాలన్నది అక్కడి షరతు. ఓపెన్‌లో నూటికి నూరు తెచ్చుకున్నా ఆ గేటు దాటలేరు. పిల్లకు ఇడుపులపాయ మీద మనసుంటే ఎనిమిదిలోనో తొమ్మిదిలోనో బడిలో చేర్చాలి. ఈ మాట పిల్లకు కూడా పదమూడేళ్లప్పుడే చెప్పాలి, పదహారేళ్లకు తెలిస్తే కోపం వస్తుంది, వచ్చినా న్యాయమే.

ఏ ఓపెన్?

బడికి వెళ్లని పిల్లలకు పది, ఇంటర్ సర్టిఫికెట్లు ఇచ్చే సంస్థలు మనకు ముఖ్యంగా రెండు. ఒకటి కేంద్రానిది, ఎన్ఐఓఎస్. 1989లో నేషనల్ ఓపెన్ స్కూల్‌గా మొదలైంది, 2002 నుంచి ఈ పేరు. రెండోది రాష్ట్రానిది, ఏపీ సార్వత్రిక విద్యాపీఠం, జనం నోట్లో ఓపెన్ స్కూల్. రెండింటిలోనూ పదికి 14 ఏళ్లు నిండాలి, ఇంటర్ స్థాయికి 15. ఒకసారి నమోదైతే ఐదేళ్ల గడువు, ఆ లోపల తొమ్మిది సార్లు పరీక్ష రాసుకునే వీలు. పాసైన సబ్జెక్టు పాసైనట్టే ఉంటుంది, మిగతావి మళ్లీ రాయొచ్చు.

ఏది మంచిదని అడిగితే నా జవాబు పిల్లను బట్టి మారుతుంది. తెలుగు మీడియంలో, మండల కేంద్రంలోని హైస్కూల్లోనే స్టడీ సెంటరు కావాలి, సందేహం వస్తే అడగడానికి మనిషి కావాలి అనుకుంటే రాష్ట్రం ఓపెన్ స్కూలు సుఖం. మన దగ్గర కన్నడం, ఉర్దూ మాట్లాడే ఇళ్లకు ఆ మీడియంలు కూడా అందులో ఉన్నాయి. రేపు బెంగళూరో ఢిల్లీయో అనుకునే ఇంగ్లిష్ మీడియం పిల్లకు ఎన్ఐఓఎస్ నప్పుతుంది. అందులో ఏడాదికి రెండుసార్లు పబ్లిక్ పరీక్షలు, ఏప్రిల్-మేలో ఒకసారి, అక్టోబర్-నవంబర్‌లో ఒకసారి. దీని విలువ కౌన్సెలింగ్ రోజుల్లో తెలుస్తుంది. అక్టోబర్‌లో రాసేసిన పిల్ల చేతిలో మెమో వేసవికి ముందే ఉంటుంది. ఏప్రిల్‌లో రాసిన పిల్ల ఫలితాల కోసం గోళ్లు కొరుక్కుంటూ కూర్చుంటుంది.

ఈ రెండూ కాక "నెలలో పది, మూడు నెలల్లో ఇంటర్" అని గోడల మీద, వాట్సాప్‌లో కనిపించే బోర్డులు ఉంటాయి. దండం పెట్టి పక్కకు జరగండి. సర్టిఫికెట్ చూడ్డానికి బాగానే ఉంటుంది, వెరిఫికేషన్‌లో పేలుతుంది.

మార్కుల సంగతి కూడా ముందే చూసుకోవాలి. ఎన్ఐఓఎస్‌లో 33కు పాస్. "పాసైతే చాలు" అని నలుగురూ అంటారు. చాలదు. ఇంజినీరింగ్ కన్వీనర్ సీటుకు గ్రూపు సబ్జెక్టుల్లో ఓసీలకు 45 శాతం, రిజర్వేషన్ ఉన్నవాళ్లకు 40 శాతం ఉండాలి. ఈఏపీసెట్ ర్యాంకులో 75 శాతం పరీక్షకు, 25 శాతం ఇంటర్ మార్కులకు వెయిటేజీ. ఇంటర్ బోర్డు పిల్లల మార్కులు కంప్యూటర్లోకి వాటంతటవే వెళ్లిపోతాయి. ఓపెన్ వాళ్లు, సీబీఎస్ఈ వాళ్లు తమ మార్కులు తామే పంపుకోవాలి. పంపకపోతే ర్యాంకు రాదు. ఇదీ గుమాస్తా పనే. జేఈఈ మెయిన్ మీదుగా ఎన్ఐటీకో, 2015లో వచ్చిన కర్నూలు ట్రిపుల్ ఐటీడీఎంకో వెళ్లాలంటే 12లో 75 శాతం ఉండాలి, లేదా తమ బోర్డులో పై 20 పర్సంటైల్‌లో ఉండాలి. ఎస్సీ, ఎస్టీలకు 65 శాతం. ఎన్ఐఓఎస్ నుంచి వచ్చేవాళ్లు ఐదు సబ్జెక్టులకు తగ్గకుండా పాసవ్వాలి.

ఇక్కడొక చిక్కుముడి. సబ్జెక్టులు విడివిడిగా రాసుకోవచ్చు కదా అని కొందరు రెండు ఒక ఏడు, మూడు మరో ఏడు రాస్తారు. డిగ్రీకి వెళ్లే పిల్లకు దాంతో నష్టం లేదు. ఐఐటీ అనుకుంటే మాత్రం అలా చేయకండి. జేఈఈ అడ్వాన్స్‌డ్ వాళ్లు 12వ తరగతి అన్ని సబ్జెక్టులూ మొదటిసారి ఏ ఏడాది రాశావని అడుగుతారు, ఆ ఏడాదిని బట్టే రెండు ప్రయత్నాలు లెక్కిస్తారు. విడగొట్టి రాసిన పిల్ల మెమోలో ఆ ఏడాది ఏదో చెప్పడం కష్టమవుతుంది. పదికీ పన్నెండుకీ మధ్య రెండేళ్ల తేడా కూడా ఉంచాలి. మా పిల్లోడు తెలివైనోడు, పదిహేనుకే ఇంటర్ అయిపోవాలి అని మా బావ కొన్నాళ్లు తిరిగాడు. ఈఏపీసెట్‌లో ఇంజినీరింగ్‌కు ఆ ఏడాది డిసెంబర్ 31కి 16 నిండాలి, అగ్రికల్చర్ బీఎస్సీకి 17, నీట్‌కు 17. ముందు పరిగెత్తి గేటు బయట కూర్చోవడమే.

లోకల్ అనిపించుకోవడం

ఇప్పుడు ఆ గడికి వద్దాం. ఆరు నుంచి పన్నెండు దాకా ఎక్కడ చదివావని ఎందుకు అడుగుతారంటే, నువ్వు లోకలా కాదా తేల్చడానికి. రాజ్యాంగంలోని 371డీ అధికరణం కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం రాష్ట్రాన్ని విశ్వవిద్యాలయాల పేర్లతో లోకల్ ఏరియాలుగా విడగొట్టారు. పాత అనంతపురం, కర్నూలు, కడప, చిత్తూరు జిల్లాలూ నెల్లూరూ కలిసి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఏరియా. ఆ ఏరియా కాలేజీల్లో 85 శాతం సీట్లు లోకల్ పిల్లలకే.

లోకల్ అంటే అర్హత పరీక్ష రాసిన ఏడాదితో ముగిసే నాలుగు విద్యా సంవత్సరాలు వరసగా ఆ ఏరియాలోని బడిలో, కాలేజీలో చదివి ఉండాలి. బడికి వెళ్లిన పిల్ల స్టడీ సర్టిఫికెట్లు పట్టుకొచ్చి బల్ల మీద పెడుతుంది, పని అయిపోయింది. మన పిల్ల ఏం పెట్టాలి?

దీనికి ఆ ఉత్తర్వులోనే జవాబు ఉందని చాలామందికి తెలియదు. ఆ నాలుగేళ్లలో మొత్తంగానో కొంతకాలమో ఏ విద్యాసంస్థలోనూ చదవని వాళ్లయితే, అర్హత పరీక్ష మొదలయ్యే తేదీకి ముందు నాలుగేళ్లు ఆ ఏరియాలో నివాసం ఉన్నారా అని చూస్తారు. అంటే బడి బదులు ఇల్లు. దానికి రుజువు తహశీల్దారు ఇచ్చే నివాస ధ్రువపత్రం.

ఇక్కడే మేము దెబ్బతిన్నాం. ఒక కార్యాలయంలో మాకు ఇచ్చిన పత్రంలో "ఈ గ్రామ నివాసి" అని మాత్రమే ఉంది. ఎప్పటి నుంచి ఎప్పటి దాకా అన్న తేదీలు లేవు. వెరిఫికేషన్‌లో తిప్పి పంపారు. మళ్లీ సచివాలయం, మళ్లీ వీఆర్వో, మళ్లీ మీసేవ. ఆయన ఊళ్లో లేని రోజు ఒకటి, సర్వర్ లేని రోజు రెండు. మూడోసారి వెళ్లినప్పుడు అక్క చెట్టుకింద కూర్చుని, "పాఠాలు చెప్పినా గానీ, ఈ కాగితాలు ఎవరో ఒకరు చూసుకోవాలని తోచలేదు రా" అంది. నివాస పత్రం అడిగేటప్పుడు ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు కావాలో కాగితం మీద రాసి తీసుకెళ్లండి. రేషన్ కార్డు, కరెంటు బిల్లులు, ఆధార్ పాత చిరునామా, ఆసుపత్రి చీటీ, ఏదైనా సరే ఏడాదికొకటి చొప్పున దాచి ఉంటే వీఆర్వోకు రాయడం తేలిక.

మన జిల్లాల వాళ్లకు ఇంకో ముప్పు బెంగళూరు. వానలు ముఖం చాటేసిన ఏడు తండ్రి అక్కడికి పనికి పోతాడు, భార్యాపిల్లలు వెంట వెళ్తారు. బడి మానేసిన పిల్ల అక్కడే ఇంట్లో చదువుతుంది. రెండేళ్లకు తిరిగొస్తారు. ఆ రెండేళ్లు నాలుగేళ్ల లెక్కలో పడితే నివాసం తెగినట్టే. అప్పుడు మిగిలేది అందరికీ తెరిచి ఉండే 15 శాతం. తల్లిదండ్రుల్లో ఒకరు రాష్ట్రంలో మొత్తం పదేళ్లు ఉన్నట్టు పత్రం తెచ్చుకుంటే ఆ 15లో పోటీ పడొచ్చు. ఏటా నోటిఫికేషన్లో మాటలు మారుతుంటాయి, ఆ ఏటిది ఆ ఏడు చదవాల్సిందే.

మా వాడికి తగిలిన రెండో దెబ్బ వింటే నవ్వొస్తుంది, ఇప్పుడు. వాడికి అగ్రికల్చర్ బీఎస్సీ కావాలి. అందులో రైతు కోటా ఉంటుంది. తల్లిదండ్రులకు ఎకరాకు తగ్గకుండా భూమి ఉండాలి, ఒకటి నుంచి ఇంటర్ లోపల కనీసం నాలుగేళ్లు మున్సిపాలిటీ కాని ఊళ్లో చదివి ఉండాలి. మొదటిది ఉంది, పాసు పుస్తకం ఉంది. రెండోదానికి స్టడీ సర్టిఫికెట్లు కావాలి. వాడి ఒకటి నుంచి ఐదు అనంతపురం పట్నంలో గడిచాయి, అప్పట్లో మా బావ అక్కడ ఎరువుల అంగట్లో ఉండేవాడు. ఆరు నుంచి తోటలోనే. ఏడేళ్లు చెట్లకింద చదివిన పిల్లాడు పల్లెలో చదివినట్టు కాగితం లేదు. పదో తరగతికైనా ఊరి హైస్కూల్లో చేర్చి ఉంటే అని మేమెవ్వరం అనలేదు. అందరం అనుకున్నాం.

ప్రాక్టికల్స్

సైన్సు తీసుకుంటే ప్రాక్టికల్స్ ఉంటాయి, ఓపెన్‌లోనూ ఉంటాయి. థియరీలో ఎంతొచ్చినా అందులో విడిగా పాసవ్వాలి. స్టడీ సెంటర్లో పెట్టే తరగతులకు తప్పకుండా పంపండి, అవి దాటిపోతే ఇంట్లో నేర్పేవి కావు.

మా వాడు మొదటిరోజు మైక్రోస్కోప్ ముందు కూర్చుని అద్దం ఎటు తిప్పాలో తెలియక పక్కపిల్లను చూశాడు. బ్యూరెట్ కుళాయి ఒక్కసారి తిప్పేసరికి ద్రావణం గులాబీ రంగు దాటి ముదురు ఎరుపయింది. లేత గులాబీ దగ్గర ఆపాలి, ఒక్క చుక్క దగ్గర. మూడు రోజులు అదే చేశాడు. నాలుగో రోజు కాండం అడ్డకోత. మొక్క కాండాన్ని బ్లేడుతో పారదర్శకంగా, ఉల్లిపొరంత పలచగా కోసి స్లైడు మీద పెట్టాలి. మిగతా పిల్లలవి మందంగా, ఒక వైపు వాలిపోయి వచ్చాయి. వీడు బ్లేడును అంటు కత్తి పట్టినట్టు పట్టుకుని నాలుగు కోతలు కోశాడు, నాలుగూ నీళ్లలో తేలాయి. లెక్చరర్ గారు "ఎక్కడ నేర్చినావు?" అంటే "చీనీ చెట్ల మీద సార్" అన్నాడట. ఇంటికొచ్చి ఆ మాట మూడుసార్లు చెప్పాడు.

పరీక్ష హాలు కూడా ఒక ప్రాక్టికలే. ఈఏపీసెట్ అంటే కంప్యూటర్ ముందు మూడు గంటలు, 160 ప్రశ్నలు, నెగెటివ్ మార్కులు లేవు. ఇంట్లో చదివే పిల్లలు ఒక ప్రశ్న నచ్చితే దాని దగ్గరే గంట కూర్చుంటారు, అదే వాళ్ల అందం. అక్కడ ప్రశ్నకు నిమిషం పై చిల్లర. గడియారం పెట్టుకుని రాయడం ఆరు నెలల ముందు నుంచైనా అలవాటు చేయాలి.

నీట్ గురించి అడిగేవాళ్లు ఎక్కువ కనుక ఒక మాట. ఓపెన్ స్కూలు పిల్లలు నీట్ రాయడానికి లేదన్న నిబంధనను ఢిల్లీ హైకోర్టు 2018లో కొట్టేసింది. 2024లో సుప్రీంకోర్టులోనూ ఓపెన్ పిల్లలకు అనుకూలంగానే తేలింది. పాత మాట పట్టుకుని ఇంకా భయపెట్టే కోచింగ్ వాళ్లున్నారు.

ఇంటర్ ఒక్కటే దారి కాదు

పదయ్యాక పాలీసెట్ రాసి మూడేళ్ల డిప్లొమా చేయొచ్చు. తర్వాత ఈసెట్ రాస్తే నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో సీటు. చేతులతో పని చేయడం ఇష్టమున్న పిల్లకు ఇంటర్ రెండేళ్లు బట్టీ కొట్టించడం కంటే ఇదే మేలని నా అభిప్రాయం, మా బావ ఒప్పుకోడు. ఐటీఐ ఉంది. చరిత్ర, అర్థశాస్త్రం ఇష్టమైతే ఇంటర్ బోర్డుకే హాజరు మినహాయింపు ఫీజు కట్టి ఆర్ట్స్ గ్రూపులు ప్రైవేటుగా రాసుకోవచ్చు. సీఏ ఫౌండేషన్‌కు పదయ్యాకే నమోదు చేసుకుని పన్నెండు అయ్యాక రాయొచ్చు, కామర్స్‌తో ఓపెన్ ఇంటర్ దీనికి బాగా కుదురుతుంది. అనంతపురంలోనే 2018 నుంచి కేంద్రీయ విశ్వవిద్యాలయం ఉంది. దానికి సీయూఈటీ రాయాలి, ఆ పరీక్ష తెలుగులో కూడా రాయొచ్చు. పనిచేస్తూ చదవాలంటే దూరవిద్య ఇచ్చే ఇగ్నో. విదేశాలంటారా, అక్కడి కాలేజీలు ఇంటి చదువుకు కొత్తేమీ కావు, అయినా 12వ తరగతి సర్టిఫికెట్ చేతిలో ఉంటే వీసా దాకా అన్నీ సులువు.

వీటిలో ఏది అన్నది పిల్ల తేల్చుకోవాలి, తేల్చుకోవడానికి నాలుగు పనులు కళ్లారా చూడాలి. బడి పిల్లలకు దొరకని సమయం మన పిల్లలకు ఉంది. పదిహేనో ఏట ఒక వేసవి ధర్మవరం మగ్గం ముందు, ఇంకో వేసవి మోటార్లు వైండింగ్ చేసే అంగట్లో కూర్చోనివ్వండి. కడప పిల్ల, తెలుగు చదవడం ఇష్టమైన పిల్ల అయితే సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రంలో పాత పుస్తకాలు తిరగేయనివ్వండి. 1961 అప్రెంటిస్ చట్టం కింద 14 నిండిన వాళ్లను అప్రెంటిస్‌గా తీసుకోవచ్చు. ప్రమాదకరమైన పనులకు మాత్రం 18 నిండాలి. బండల ఫ్యాక్టరీ చూసి రావచ్చు, అక్కడ పనిచేయకూడదు.

మా వాడికి ర్యాంకు వచ్చింది గానీ రైతు కోటా లేకుండా అగ్రికల్చర్ సీటు అందలేదు. వారం రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. తర్వాత అనంతపురంలోనే బీఎస్సీలో చేరాడు, శని ఆదివారాలు తోట. కాలేజీలో మొదటి నెల అటెండెన్స్ పిలిచినప్పుడు పలకడం మరిచిపోయేవాడట.

మొన్న దసరాకు వెళ్తే వాడొక ప్లాస్టిక్ ఫైలు ముందేసుకుని కూర్చున్నాడు. చెల్లెలిది. దానికిప్పుడు పన్నెండు దాటాయి, అదీ ఇంట్లోనే చదువుతోంది. మొదటి కవర్లో పుట్టిన తేదీ సర్టిఫికెట్, రెండో దాంట్లో ఆధార్, రెండింట్లోనూ పేరు ఒకేలా ఉందో లేదో పెన్సిల్‌తో టిక్కు పెట్టి ఉంది. మూడో కవరు మీద "నివాసం, తేదీలతో" అని రాశాడు.

"ఆ మూడోది తీసెయ్," అంది అది.

"ఎందుకు?"

"నాకు ఇడుపులపాయ కావాల. నువ్వే కదా ఆ నోటిఫికేషన్ చదివిచ్చింది. బడిలో ఏస్తారా లేదా?"

అక్క వంటింట్లోంచి బయటికొచ్చి, తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ ఇద్దరినీ చూసింది. "ఏ బడి?" అని అడిగింది చివరికి. వాడు అప్పటికే ఊరి హైస్కూల్ హెడ్మాస్టరు నంబరు మూడో కవరు వెనక రాసుకున్నాడు.